నత్తి ఉన్న పిల్లలు థెరపీలో ‘మీ ఇష్టం’ అంటుంటే నిర్ణయాలు వాళ్ల చేతికి ఎలా ఇవ్వాలి?

ప్రశ్న: స్పీచ్_గుంటూరు

బీఏఎస్‌ఎల్‌పీ (మాట, వినికిడి చికిత్స డిగ్రీ) చేసి పిల్లల క్లినిక్‌లో పనిచేస్తున్నాను. 8 నుంచి 12 ఏళ్ల లోపు నత్తి ఉన్న పిల్లల గురించి అడుగుతున్నాను.

లక్ష్యాలు పిల్లలతో కలిసి పెట్టుకోవాలని చదువుకున్నాం. తీరా గదిలో కూర్చున్నాక జరిగేది వేరు. రెండు పనులు ముందు పెట్టి ఏది చేద్దాం అంటే ‘మీ ఇష్టం మేడమ్’ అంటారు. నీకేం కావాలి అంటే నాన్న వైపు చూస్తారు. ఆయన ‘నత్తి పూర్తిగా పోవాలండీ’ అంటారు, ఫైల్లో అదే ఎక్కుతుంది. స్ట్రెచ్ (మాటను సాగదీసి పలకడం), ఈజీ ఆన్‌సెట్ (మాటను మెత్తగా మొదలుపెట్టడం) సెషన్లో చక్కగా చేస్తారు, గుమ్మం దాటాక ఒక్కసారి కూడా వాడరు. ఇంట్లో గుర్తు చేస్తే విసుక్కుంటారు.

45 నిమిషాల సెషన్లో ఏవి వాళ్లకు వదలాలి, ఏవి నా దగ్గర ఉంచుకోవాలి? టెక్నిక్ వాడనంటే ఏం చేయాలి? తండ్రి లక్ష్యం, పిల్లవాడి లక్ష్యం వేరైతే కాగితం మీద ఏది రాయాలి? ‘పిల్లలతో స్నేహంగా ఉండండి’ లాంటివి కాకుండా చేతికి పనికొచ్చేవి చెప్పగలరు.

జవాబు 1: వాక్_హైదరాబాద్

ముందు ‘మీ ఇష్టం’ సంగతి చూద్దాం. మన ఇళ్లల్లో, బళ్లల్లో పెద్దవాళ్లు అడిగితే పిల్లలు చెప్పాల్సిన మర్యాదైన జవాబు అదే. నత్తి ఉన్నవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. అది నోటికి అలవాటైపోయిన మాట, ఎక్కడా పట్టేయకుండా వచ్చేస్తుంది. ‘బొమ్మ చూసి కథ చెప్తాను’ అనబోయి ‘బొ’ దగ్గర ఇరుక్కునేకంటే ‘మీ ఇష్టం’ అని బయటపడటం సుఖం. కాబట్టి దాన్ని జవాబుగా రాసుకోకండి. నోరు తెరవక్కర్లేకుండా ఎంచుకునే దారి ఇవ్వండి. పనులు కార్డుల మీద గీసి బల్ల మీద పరిచి, చేత్తో జరపమనండి.

రెండోది, దొంగ ప్రశ్నలు. ‘ఇప్పుడు చదువుదామా?’ అంటాం. వాడు ‘వద్దు’ అంటాడు. ‘కొంచెమే నాన్నా, ఒక్క పేజీ’ అని చదివించేస్తాం. అలా నాలుగుసార్లు జరిగితే ఈ గదిలో అడగడం ఉత్తుత్తిదే అని వాడికి తెలిసిపోతుంది, ఆ తర్వాత అన్నిటికీ ‘మీ ఇష్టమే’. వద్దంటే ఆపే ఉద్దేశం లేనప్పుడు అసలు అడగొద్దు. ‘ఇప్పుడు చదివే పని ఉంది. నువ్వు మొదలుపెడతావా, నన్ను మొదలుపెట్టమంటావా?’ అనండి. చదవడం మీ నిర్ణయం, ఎవరు ముందన్నది వాడిది. ఏది ఎవరిదో ఇద్దరికీ తెలియాలి.

సెషన్ ఇలా కట్టి చూడండి. మొదటి 5 నిమిషాలు నాలుగు కార్డులు. వాటిలో రెండు మీవి, తప్పనిసరి, మూలన చుక్క పెట్టండి. మిగతా రెండిట్లో ఒకటి పక్కన పడేసే హక్కు వాడిది. వరస మొత్తం వాడిదే. తర్వాత 35 నిమిషాలు పని. చివరి 5 నిమిషాలు వాడే పెన్ను పట్టుకుని ఏది పనికొచ్చింది, ఏది దండగ, వచ్చేవారం ఏది ఉండకూడదు అని మూడు గళ్లు నింపుతాడు. మాటలు రాయకపోయినా టిక్కు, ఇంటూ చాలు. ‘దండగ’ గడి ఖాళీగానే ఉంటోందంటే వాడు మీకు మొహమాటపడుతున్నాడని అర్థం.

ఇవన్నీ కాక ఒక ‘ఆపు’ కార్డు. ఎప్పుడైనా చూపించవచ్చు, కారణం అడగకూడదు. చూపించగానే వాక్యం మధ్యలో ఉన్నా మీరు ఆగిపోవాలి. ఒక నిమిషం పోయాక ‘అదే చేద్దామా, చిన్నది చేసుకుందామా, వేరేది తీద్దామా’ అని అడగండి. మొదట్లో మిమ్మల్ని పరీక్షించడానికి ఊరికే చూపిస్తారు. రోజుకు రెండుసార్లే అని గీత గీసేయాలనిపిస్తుంది, గీయకండి. నిజంగానే ఆగుతున్నారని నమ్మకం కుదిరాక వాడకం దానంతటదే తగ్గుతుంది.

మీ దగ్గర ఉండాల్సినవి తక్కువే. అంచనా పరీక్షలు ఎప్పుడు చేయాలన్నది, సెషన్ సమయం, ఎవరైనా కొడుతున్నా ఏడిపిస్తున్నా ఇంట్లో చెప్పడం. ఈ చివరిదాంట్లో కూడా ‘అమ్మకు చెప్పాలి, నువ్వు చెప్తావా, ఇద్దరం కలిసి చెబుదామా’ అనే వెసులుబాటు ఉంటుంది.

లక్ష్యానికి 0 నుంచి 10 దాకా ఒక గీత గీయండి. 10 అంటే ‘మాట్లాడటం నాకు ఇబ్బందే కాదు’. ఇవాళ ఎక్కడున్నావో వేలు పెట్టమనండి. 4 మీద పెడితే ‘10కి ఎలా వెళ్దాం’ అని అడగొద్దు. ముందు ‘3 కాకుండా 4 ఎందుకు?’ అని, తర్వాత ‘5 అయితే స్కూల్లో ఏం చేస్తూ కనిపిస్తావు?’ అని అడగండి. అప్పుడు వస్తాయి అసలువి. ‘అటెండెన్స్‌లో ప్రెజెంట్ చెప్తా’, ‘కొట్లో నేనే అడుగుతా’. ఇవన్నీ తండ్రి లేనప్పుడు చేయండి. మొదటి 15 నిమిషాలు ఆయన్ను బయట కూర్చోబెట్టినా పరవాలేదు, ముందే చెప్పి.

జవాబు 2: ఫ్లూయెన్సీ_వరంగల్

టెక్నిక్ గురించి నేను చెప్తాను.

గది దాటాక వాడకపోవడం మొండితనం కాదు. స్ట్రెచ్‌తో మాట్లాడుతుంటే మాట తీరు వేరుగా వినిపిస్తుంది, దాన్నీ పక్కవాళ్లు వింతగానే చూస్తారు. పైగా చెప్పేదాని మీద ఉండాల్సిన ధ్యాస సగం నోటి మీద పెట్టాలి. ఆటలో గొడవ పడుతున్నప్పుడు అది ఎవరివల్లా కాదు. అందుకే ‘ఎప్పుడు వాడాలి’ అన్నది మొదటి రోజు నుంచే పిల్లవాడి లెక్కలో ఉండాలి. మనం నేర్పేది ఎలా వాడాలో, ఎలా ఆపాలో. వాడకుండా నత్తితోనే చెప్పేయడం కూడా సరైన ఎంపికే అని పైకి చెప్పాలి. చెప్పకపోతే పిల్లలు అది తప్పనే అనుకుంటారు.

నేర్పే వరస కూడా మార్చండి. చాలామంది నేరుగా ఈజీ ఆన్‌సెట్‌తో మొదలుపెడతారు. అంతకుముందు నత్తి ఎక్కడ, ఎలా జరుగుతోందో వాడే కనిపెట్టాలి. మొహం, మెడ, ఛాతీ బొమ్మ గీయించి ఎక్కడ బిగుసుకుంటుందో రంగు వేయించండి. ‘ప’, ‘బ’ అయితే పెదాలు, ‘క’, ‘గ’ అయితే నాలుక వెనక భాగం, ‘అమ్మ’, ‘ఆట’ లాంటివైతే గొంతు. ఆ తర్వాత ‘పప్పు’ అనే మాట తీసుకుని పెదాల బిగువును అంకెలతో ఆడించండి. 5 అంటే పెదాలు తెల్లబడేంత గట్టిగా నొక్కి మాట బయటికి రానీయకపోవడం, 3 అంటే మామూలు కంటే కాస్త గట్టిగా, 1 అంటే పెదాలు తాకీ తాకనట్టు. వాడు అంకె చెప్తే మీరు చేయాలి, మీరు చెప్తే వాడు చేయాలి. 5 నుంచి మెల్లగా 1కి దింపుతూ మాట బయటికి తీస్తే, పుల్-అవుట్ అంటే అదే, పేరు చెప్పకుండానే వచ్చేసింది. ఇది అర్థమైన పిల్లలకు బిగువు అనేది తమకు జరిగేదిగా కాక తాము చేస్తున్నదిగా, కాబట్టి వదలగలిగేదిగా కనిపిస్తుంది. అన్ని బ్లాకులూ, అంటే మాట పూర్తిగా పట్టేసినవన్నీ, ఇలా వదలవు, ఆ మాట కూడా ముందే చెప్పాలి. లేకపోతే వదలనప్పుడు ‘నాకు చేతకాదు’ అనుకుంటారు.

వాలంటరీ స్టటరింగ్‌కు, అంటే కావాలని నత్తిగా మాట్లాడటానికి, ముందు పిల్లవాడిని టీచర్‌ని చేయండి. మీరు నత్తిగా మాట్లాడాలి, వాడు మార్కులు వేయాలి. ‘ఇది అసలుగా లేదు, ఇంకోసారి’ అని దిద్దనివ్వండి. తర్వాతే వాడి వంతు, అదీ భయంలేని మాటలతో, తేలిగ్గా, ‘మా-మా-మామిడి’ లాగా ఒక అయిదు. బయట చేయాల్సి వస్తే కొట్టుకు వెళ్లి ‘ర-ర-రబ్బరు ఎంతండీ’ అని మొదట మీరు అడగాలి. మీరు చేయనిది వాడిని చేయమనకండి. వాడు కొట్టువాడి మొహం చూస్తాడు, ఏమీ జరగలేదని కళ్లారా చూశాక తనే అంటాడు నేనూ అడుగుతానని. అనకపోతే ఆ వారం వదిలేయండి. ఇక్కడ చెడేది ఎక్కడంటే, పిల్లవాడు ఎక్కువ భయపడే మాటతో, ఎక్కువగా తన పేరుతో, మొదలుపెట్టించడం. పేరుకు బదులు ఇంకో మాట వేసుకునే వీలు లేదు కాబట్టి చాలామందికి అదే కష్టమైన మాట. కావాలని మొదలుపెట్టింది నిజం బ్లాకు అయిపోతుంది, ఇక ఆ పని పేరెత్తనివ్వరు.

జవాబు 3: థెరపీ_విశాఖ

పైవాటితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క అభ్యంతరం. ఎంపికల పేరుతో సాధన పలచనవుతోంది. కొత్త నోటి అలవాటు పడాలంటే పునరావృతం కావాలి. కార్డులు జరుపుతూ 10 నిమిషాలు పోతే ఇక చేసేదెప్పుడు? అన్నీ ఎంచుకోమంటే కొందరు పిల్లలు తికమకపడతారు కూడా.

జవాబు 1కి కొనసాగింపు: వాక్_హైదరాబాద్

@థెరపీ_విశాఖ నిజమే, ఒకేసారి రెండు మూడిటికి మించి పెట్టకూడదు. సాధన ఎన్నిసార్లన్నది మీరు చెప్పండి, ఎలాగన్నది వాళ్లకు వదలండి. ‘ఇవాళ 30 మాటలు చేయాలి. పదేసి మూడుసార్లా, ఒకేసారా? నిలబడా, బంతి విసురుకుంటూనా?’ సంఖ్య తగ్గదు, పంతం తగ్గుతుంది. కార్డుల పనికి నాలుగో సెషన్ నుంచి రెండు నిమిషాలు కూడా పట్టదు.

ఇంకోటి. ఒక సెషన్లో ఏదో 5 నిమిషాలు రికార్డు చేసి మీ మాటలు మీరే లెక్కపెట్టుకోండి. ఆజ్ఞలెన్ని, నిజమైన ప్రశ్నలెన్ని, పిల్లవాడు అడిగినవి ఎన్ని అని మూడు గీతల వరసలు. చివరి వరస సున్నా ఉంటే ఎంపికల సంఖ్య పెంచి లాభం లేదు, మీరు మాట్లాడటం తగ్గించాలి.

జవాబు 4: అమ్మ_ఖమ్మం

తల్లిగా అడుగుతున్నాను. మా ఇంట్లో అందరూ ‘నిదానంగా చెప్పు నాన్నా’ అంటారు, ముఖ్యంగా మా అత్తగారు. అనొద్దంటే మరి ఏం చేయాలి? ఒకటి గమనించాను, వేమన పద్యాలు గడగడా చెప్తాడు, మామూలు మాట దగ్గరే ఆగిపోతాడు. అంటే ప్రయత్నిస్తే వస్తుందనేగా? నాలుగేళ్ల చెల్లికి కూడా ఈమధ్య మొదలైంది. ఇంత చిన్నపిల్లకు కూడా ఈ ఎంపికలవీ ఉంటాయా?

జవాబు 5: ఫ్లూయెన్సీ_వరంగల్

పద్యం గడగడా రావడానికి, ప్రయత్నానికి సంబంధం లేదండీ. పద్యానికి లయ ఉంది, మాటలు ముందే కుదిరి ఉన్నాయి, ఏం చెప్పాలో అప్పటికప్పుడు అల్లుకోనక్కర్లేదు. లయతో పలికినా, పాడినా, నలుగురితో కలిసి చదివినా నత్తి బాగా తగ్గిపోతుంది, ఇది దాదాపు అందరిలోనూ కనిపించేదే. ‘పద్యం వస్తుందిగా, ఇదెందుకు రాదు’ అంటే బాబు తన తప్పేనని నమ్ముతాడు.

‘నిదానంగా’ అనే మాటలో చిక్కు ఏమిటంటే, వాడు చెప్పిన సంగతికి జవాబు రాదు, చెప్పిన తీరుకు వస్తుంది. అత్తగారిని ‘అనకండి’ అంటే నొచ్చుకుంటారు. చేయడానికి ఇంకో పని ఇవ్వండి. బాబు ముగించాక మనసులో ‘ఒకటి’ అనుకుని అప్పుడు జవాబు చెప్పమనండి, అదీ ఆవిడ మామూలు కంటే కాస్త నెమ్మదిగా. వాడి వేగం కాదు, మన వేగం తగ్గాలి. మాట అందించొద్దు. పట్టేసినప్పుడు కళ్లు తిప్పుకోవద్దు, అలాగని గుచ్చి చూడనూ వద్దు.

గుర్తు చేయడం గురించి బాబుతో ఒప్పందం రాసుకోండి. ఎవరు గుర్తు చేయవచ్చు (ఒక్కరే), ఎప్పుడు (ఉదాహరణకు రాత్రి అన్నం తిన్నాక 10 నిమిషాలు), ఏ సైగతో (బల్ల మీద వేలితో ఒకసారి తట్టడం లాంటిది). మిగతా రోజంతా ఎవరూ ఏమీ అనకూడదు. ఒప్పందం గడువు ఒక వారం, మధ్యలో రద్దు చేసే అధికారం బాబుది. ‘ఎవరూ గుర్తు చేయొద్దు’ అని రాస్తే అదే ఒప్పందం.

పాపకు మాత్రం థెరపిస్టును వెంటనే కలవండి. చిన్నతనంలో నూటికి 5 మంది పిల్లల్లో నత్తి కనిపిస్తుంది, వాళ్లలో దాదాపు ముప్పావు వంతు మందికి పోతుంది. ఎవరికి పోతుందో ముందుగా కచ్చితంగా చెప్పలేం. ఇంట్లో అన్నకు కూడా ఉంది కాబట్టి ‘అదే పోతుందిలే’ అని కూర్చోవద్దు. నాలిక మీద వస కొమ్ము రాయడం, నోట్లో గులకరాళ్లు వేసి మాట్లాడించడం ఎవరైనా చెప్తే చేయకండి. మొదటిదానివల్ల నత్తి పోదు, రెండోది గొంతుకు అడ్డం పడుతుంది.

ఆరేళ్లలోపు పిల్లలకు వాడే పద్ధతుల్లో ఆస్ట్రేలియాలో రూపొందిన లిడ్‌కోంబ్ ఒకటి. తల్లి లేదా తండ్రి రోజూ కాసేపు ఆటలో ఉండగా సాఫీగా వచ్చిన మాటను మెచ్చుకుంటారు, ఎప్పుడైనా ఒకసారి పట్టేసిన మాటను మళ్లీ చెప్పమని అడుగుతారు. రోజుకొకసారి తీవ్రతకు 0 నుంచి 9 దాకా అంకె వేస్తారు, 0 అంటే నత్తే లేదని. మెచ్చుకోళ్లు చాలా ఎక్కువ, దిద్దడం చాలా తక్కువ ఉండాలి. మెచ్చుకోలు కూడా ఆపకుండా కురిపించకూడదు. లండన్‌లోని మైకేల్ పాలిన్ కేంద్రం పద్ధతి వేరు, అక్కడ ‘స్పెషల్ టైమ్’ అంటారు. 5 నిమిషాలు, వారానికి మూడు నుంచి అయిదుసార్లు, ఆట పిల్ల ఎంచుకుంటుంది, పెద్దవాళ్లు వెంట నడుస్తారు. నాలుగేళ్లకు ఎంపిక అంటే ఇంతే. ఏ ఆట, ఎక్కడ, ఎప్పుడు ఆపాలి. లిడ్‌కోంబ్‌లో పాప ‘అలా అనకు అమ్మా’ అంటే ఆ మెచ్చుకోలు ఆపేసి, మాటలు మార్చాలా అని థెరపిస్టును అడగాలి. ఆ మాట అల్లరి కాదు, సమాచారం. దయచేసి ఇది చదివి ఇంట్లో మీ అంతట మొదలుపెట్టకండి, వారం వారం థెరపిస్టు చూస్తూ సరిచేయాల్సిన పద్ధతి ఇది. వెళ్లేముందు థెరపిస్టుకు ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి, అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు. ‘30 రోజుల్లో గ్యారంటీ’ అనే బోర్డు ఉంటే అక్కడికి అసలు వెళ్లనక్కర్లేదు.

జవాబు 6: పంతులమ్మ_కడప

స్కూలు వైపు నుంచి. తల్లిదండ్రులు వచ్చి ‘వాడిని ఏమీ చదివించకండి మేడమ్’ అంటారు. మేమూ సరేనంటాం. పిల్లవాడిని అడిగినవాళ్లెవరూ ఉండరు. పూర్తిగా వదిలేస్తే వీడివల్ల కాదని తరగతికంతా చాటినట్టే. పక్కకు పిలిచి, పీరియడ్ మొదలవకముందే అడగాలి: ఒక్కడివే చదువుతావా, పక్కవాడితో కలిసి చదువుతావా, ఇవాళ వద్దా? మర్నాడు మళ్లీ అడగాలి, నిన్నటి జవాబు ఇవాళ చెల్లదు.

వరసలో చదివించేటప్పుడు తన వంతు కోసం ఎదురుచూడటమే పెద్ద బాధ. ముందున్న పేరాలు వాడికి వినిపించవు, తనది లెక్కపెట్టుకుంటూ ఉంటాడు. మొదట్లోనే చదివేస్తావా అంటే చాలామంది ఊ అంటారు. అటెండెన్స్‌కు ‘ప్రెజెంట్ మేడమ్’ అనాలా, ‘ఎస్’ అనాలా, చెయ్యెత్తాలా అన్నది కూడా వాడినే ఎంచుకోమనండి. తరగతిలో మిగతావాళ్లకూ అదే వెసులుబాటు ఇస్తే వాడొక్కడే వేరుగా కనిపించడు.

థెరపిస్టులు మాకు రాసే ఉత్తరం పిల్లవాడు చెప్పగా రాసింది అయితే పనికొస్తుంది. ‘నాకు మాట అప్పుడప్పుడు పట్టేస్తుంది. నన్ను పూర్తి చేయనివ్వండి. మాట అందించకండి. తెలుగు రీడింగ్ నేను చేస్తాను, ఇంగ్లిష్ రీడింగ్ ముందు నన్ను అడగండి.’ ఇలాంటి నాలుగు వాక్యాలు స్టాఫ్‌రూమ్‌లో అందరూ చదువుతారు. రెండు పేజీల రిపోర్టు ఫైల్లోకి పోతుంది. ఏడిపించేవాళ్లకు ఏం చెప్పాలో కూడా రెండు మూడు రాయించి, తనకు నచ్చింది ఉంచుకోమనండి. ‘అవును, నత్తే. అయితే ఏంటి?’ అనేది పిల్లలకు బాగా నచ్చుతుంది.

జవాబు 7: నత్తిమిత్ర

నత్తి ఉన్న పెద్దవాడిగా ఒక సాంకేతిక అంశం. ఎన్ని అక్షరాలకు ఎన్నిసార్లు నత్తి వచ్చిందనే శాతం ఒక్కదాన్నే కొలిస్తే పిల్లలకు దాన్ని తగ్గించే సులువు దారి దొరికిపోతుంది: తక్కువ మాట్లాడటం. ‘నీళ్లు’ రాకపోతే ‘వాటర్’ అంటారు, ‘బడి’ బదులు ‘స్కూల్’, మొదటి మాట దాటడానికి ‘అదీ... అంటే...’ తగిలిస్తారు. రెండు భాషలు కలిసిన ఇళ్లల్లో ఈ మార్పిడి ఎవరికీ కనిపించదు. శాతం తగ్గుతుంది, రిపోర్టు బాగుంటుంది, పిల్లవాడు మాత్రం అనుకున్నది చెప్పలేకపోతుంటాడు.

కాబట్టి పక్కన ఇంకో మూడు వరసలు పెట్టండి, పిల్లవాడే నింపేలా: ఈ వారం ఎన్ని మాటలు మార్చేశాను, ఎన్నిసార్లు చెయ్యెత్తాను, నత్తి వచ్చినా ఎన్నిసార్లు పూర్తిగా చెప్పాను. చివరిది పెరుగుతూ నత్తి శాతం కూడా పెరిగితే కంగారు పడొద్దు, దాచడం తగ్గినప్పుడు అలా జరుగుతుంది. 7 నుంచి 12 ఏళ్లవారికి ఓఏఎస్‌ఈఎస్ అనే ప్రశ్నావళి ఉంది, నత్తి వల్ల రోజువారీ జీవితం మీద పడే భారాన్ని పిల్లవాడి నోటితోనే తెలుసుకునేది. మొదట్లో ఒకసారి, కొన్ని నెలలకు ఒకసారి చేస్తే తండ్రికి చూపించడానికి ఏదో ఒకటి చేతిలో ఉంటుంది.

కుదిరితే ఇద్దరు ముగ్గురు నత్తి ఉన్న పిల్లలను నెలకోసారి ఒకే సమయానికి పిలవండి. ఆ గంట ఎజెండా వాళ్లదే.

స్పీచ్_గుంటూరు

చాలా థాంక్సండీ. ఒక్కటి మిగిలింది. తండ్రి ‘ఫీజు కట్టేది నేను, నత్తి పోవాలనే కదా వస్తోంది’ అంటే? పిల్లవాడు కొన్నాళ్లు రానంటే?

వాక్_హైదరాబాద్

కాగితం మీద రెండూ రాయండి. పైన పిల్లవాడిది, వాడి మాటల్లోనే: ‘అటెండెన్స్‌లో ప్రెజెంట్ చెప్పాలి’. కింద నాన్నగారిది. కానీ ఆయన్ను కూడా అదే గీత మీద అడగండి, నత్తి పోతే ఇప్పుడు చేయనిది బాబు ఏం చేస్తాడని. చాలావరకు ‘ధైర్యంగా మాట్లాడతాడు, ఇంటర్వ్యూల్లో ఇబ్బంది పడడు’ అంటారు. అది రాయండి. రెండూ ఒకే దారిలో ఉన్నాయని ఆయనకే కనిపిస్తుంది. తొమ్మిది, పదేళ్ల వయసులో పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేమని మొదటి రోజే చెప్పాలి. చెప్పకుండా ఆరు నెలలు నడిపితే ఆ కోపం బాబు మీదకే వెళ్తుంది.

రానంటే ముందు ఏది వద్దో తేల్చండి. థెరపీయా, వచ్చే రోజు కుదరకపోవడమా, గదిలో నాన్న ఉండటమా, స్ట్రెచ్చా? కార్డుల మీద రాసి జరపమనండి. నిజంగా థెరపీయే వద్దంటే విరామం ఇవ్వండి, కానీ తలుపు మూసేయకుండా. ఆరు నుంచి ఎనిమిది వారాలు, తిరిగి కలిసే తేదీ పిల్లవాడే క్యాలెండర్ మీద గుర్తు పెట్టాలి, ఆ రోజు 15 నిమిషాలు మాట్లాడి కొనసాగించాలా వద్దా చెప్పాలి. మధ్యలో ఇంట్లో సాధన చేయించకూడదని తల్లిదండ్రులతో కూడా సంతకం పెట్టించుకోండి. లేకపోతే విరామంలో మీ బదులు వాళ్లు మొదలుపెడతారు.